పేరు చెప్పని కత్తి

మరకతపురి దక్షిణ ద్వారం ముందుకు శరభుడు చేరేసరికి సూర్యుడు పడమటి కొండకు నాలుగు బారల ఎత్తున ఉన్నాడు. ఆ పొద్దు కుంగేలోగా అతను చేయవలసిన పని ఒక్కటే. భుజానికి వేలాడుతున్న వెదురు పంజరాన్ని తీసుకువెళ్ళి మహారాణి మంజీరాదేవి ఒడిలో పెట్టాలి. పంజరంలో ఉన్నది ఒక పూరేడు పిట్ట. ఆ పూరేడు పిట్ట మరకతపురి యువరాజు జయధ్వజుడు.

మాంత్రికుడు కరాళనేత్రుడు యువరాజును పిట్టగా మార్చి ఆనాటికి నలభై రోజులు. నలభయ్యో రోజు పొద్దుగుంకేలోగా కన్నతల్లి చేతిలోకి తీసుకుని, చిన్ననాడు తానొక్కతే పిలిచిన ముద్దుపేరుతో పిలిస్తే అతను మళ్ళీ మనిషవుతాడు. లేకుంటే జన్మంతా పిట్టే. అతను మనిషైతే యుద్ధం ఆగుతుంది. ఎందుకంటే తన కొడుకును పొరుగున ఉన్న శంఖావతివాళ్ళు చంపించారని నమ్మి, మరకతపురి రాజు అరవై వేల సేనతో కపిలానది అవతలి గట్టున దిగి ఉన్నాడు. సేనకు వీరతిలకం దిద్దడానికి మహారాణి కూడా అక్కడే ఉంది. ఆ గట్టుకు దారి నగరంలోంచే. తెల్లవారితే సేన కదులుతుంది.

శరభుడు శంఖావతివాడు, పడవ నడిపేవాడి కొడుకు. ఆ సంగతి మరకతపురిలో బయటపడితే మాట వినిపించుకునేవాళ్ళుండరు. అందుకే మారువేషం. రెండు రోజుల కిందట ఒక సత్రంలో పింగళుడనే పిట్టల వేటగాడికి తన కొత్త గొంగడి ఇచ్చి, అతని మాసిన బట్టలు, వల, నగరప్రవేశానికి చూపించే రాగిబిళ్ళ పుచ్చుకున్నాడు. రాగిబిళ్ళ మీద పేరు చెక్కి ఉంటుంది. పేరున్న బిళ్ళను ఎవరూ అంత తేలిగ్గా ఇవ్వరు. పింగళుడు ఇచ్చాడు. శరభుడు తలపాగా చుట్టుకునేలోగా మనిషి సత్రంలోనే లేడు. అప్పుడే శరభుడి మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంది గాని ఆగి ఆలోచించే వ్యవధి లేకపోయింది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పిట్టకు మనిషి మాట ఉంది, కాని జన్మలో ఇద్దరితోనే మాట్లాడగలదు. మిగతావాళ్ళకు వినిపించేది ఒట్టి కిచకిచే. మొదటివాడు శరభుడు. రెండో చెవి మహారాణి కోసం దాచి ఉంచారు. పంజరం చూపించి "అమ్మా, ఇది నీ కొడుకు" అంటే ఏ తల్లి నమ్ముతుంది? కొడుకు నోట వినాలి.

"గుండె అదురుతోందా, శరభా?" అని పంజరంలోంచి సన్నని గొంతు వచ్చింది.

"తమరు కాసేపు పిట్టలా ఉండండి, యువరాజా."

"నలభై రోజులనుంచీ అదే పని. కొర్రలు తిని తిని నాలుక మొద్దుబారింది."

ఆ ద్వారం చూసినవాడి కాళ్ళు వాటంతటవే ఆగుతాయి. తాటిచెట్టంత ఎత్తున రెండు రాతి సింహాలు ఎదురెదురుగా లేచి నిలబడి, ముందు కాళ్ళ మీద ఏనుగుదంతాల తోరణం మోస్తున్నాయి. ప్రతి దంతం కొసనా కంచుగంట. గాలి తగిలినప్పుడల్లా వంద గంటలు ఒకేసారి మూలిగినట్టు మోగుతాయి. సింహాల కళ్ళలో పొదిగిన పచ్చలు సాయంకాలపు ఎండకు మెరిసి, లోపలికి వచ్చే ప్రతివాణ్ణీ గుర్తుపట్టినట్టు చూస్తాయి.

కావలివాడు రాగిబిళ్ళ తీసుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. శరభుడి ముఖంలోకి చూసి లోపలికి పరుగెత్తాడు. ఇంకో నలుగురు భటులు వచ్చి శరభుడి వెనక నిలిచారు. ద్వారపాలకుల నాయకుడు ఉద్దండుడు మీసం దువ్వుకుంటూ బయటికి వచ్చాడు.

"వచ్చావా, పింగళా? ఏడాదినుంచీ ఎదురుచూస్తున్నాం. చచ్చినా రావనుకున్నా. నీ మీద పందెం కాసి ఓడిపోయానయ్యా" అన్నాడు.

శరభుడికి అప్పుడు తెలిసింది, పింగళుడు బిళ్ళతోపాటు తన చావును కూడా అంటగట్టి పోయాడని.

ద్వారానికి లోపల ఎడమవైపు ద్వంద్వభూమి ఉంది. భటులు అతణ్ణి అక్కడికి నడిపిస్తూ సంగతంతా చెప్పారు. కిందటేడు హరివీరుడనే సైనికుడు వేటకు వెళ్ళి, రెల్లు దుబ్బుల మధ్య వంగి నీళ్ళు తాగుతుండగా ఎవడో అతణ్ణి వెనకనుంచి బాణం వేసి చంపాడు. మెడలోని బంగారు గొలుసు పోయింది. బాణం మీద పింగళుడనే పిట్టల వేటగాడి గుర్తు ఉంది. హరివీరుడి తమ్ముడు కంఠీరవుడు ద్వారం దగ్గర పింగళుడి పేర ద్వంద్వం ప్రకటించాడు. ఆ పేరుతో ఎవడు ద్వారం దాటినా, ఏ వేళ దాటినా, నిలబడి పోరాడాలి. కంఠీరవుడు పింగళుడి ముఖం ఎన్నడూ చూడలేదు. పేరొక్కటే తెలుసు.

ద్వంద్వభూమి చుట్టూ అర్ధచంద్రాకారంలో నల్లరాతి మెట్లు. మధ్యలో ఎర్రటి ఇసుక. ఉత్తరపు గోడకు తలగుడ్డలు వేలాడుతున్నాయి, పచ్చవి, నీలివి, కాషాయరంగువి, ఎండకు వెలిసి బూడిదరంగుకు తిరిగినవి. తల్లి ఎవరో, ఇల్లెక్కడో తెలియక మిగిలిపోయిన తలగుడ్డలవి. చినిగి దారాలైనా వాటిని ఎవరూ తీయరు. వాటి కింద ఒక ముసలావిడ పీట వేసుకుని కూర్చుని ఉంది. పేరు చెన్నవ్వ. ఆ నగరంలో ద్వంద్వానికి సాక్షిగా రాజుగాని, సేనాపతిగాని కూర్చోరు. ఆ ఇసుకలోనే కొడుకును పోగొట్టుకున్న తల్లి కూర్చుంటుంది. ఆవిడ మాటకు రాజు మాట కూడా అడ్డం రాదు.

కంఠీరవుడు అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. పాతికేళ్ళుంటాయి. వెడల్పైన భుజాలు, నిద్రలేని కళ్ళు. శరభుణ్ణి చూసి తిట్టలేదు, తొడ కొట్టలేదు. తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు.

చెన్నవ్వ ఇద్దరినీ దగ్గరికి పిలిచింది. "మా ఆచారం కొందరికి తెలీదు, అందుకని చెప్తా, వినండి. యుద్ధంలో చచ్చినవాడి కబురు రాజు మోస్తాడు. ఎవడు చంపాడో ఎవరికీ తెలీదు, చంపినవాడికీ తెలీదు. ఇక్కడట్టా కాదు. తలగుడ్డలు మార్చుకుని కట్టుకోండి. గెలిచినవాడు చచ్చినవాడి తలగుడ్డ తీసుకుని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాలి. నేనే చంపానమ్మా అని తన నోటితో చెప్పాలి. ఆవిడ పెట్టింది తిని, మూడు రోజులు ఆ ఇంటి అరుగు మీద కూర్చోవాలి. ఇందుకు ఒప్పుకున్నవాడికే ఇక్కడ కత్తి పట్టే హక్కు."

తరువాత కంఠీరవుణ్ణి అడిగింది. తన పేరు, తల్లి పేరు తిమ్మాంబ, ఇల్లు కుమ్మరివాడ చివర అని చెప్పాడు.

"నీ పేరు, నాయనా?"

"పింగళుడు" అన్నాడు శరభుడు.

"అమ్మ పేరు?"

పింగళుడి తల్లి పేరు అతనికేం తెలుసు. నోటికి వచ్చింది తన తల్లి పేరే. "నీలాంబ."

"ఏ ఊరు?"

"ఏటి ఒడ్డు."

"ఏ ఏరు? ఏటి ఒడ్డున వెయ్యి ఊళ్ళుంటాయి" అని మెట్ల మీద ఎవరో నవ్వారు. చెన్నవ్వ నవ్వలేదు. శరభుడి కుడిచెయ్యి తీసుకుని అరచేతిని బొటనవేలితో తడిమింది. ఆవిడ గొంతు తగ్గించి అన్న మాట శరభుడొక్కడికే వినిపించింది.

"వల పట్టేవాడి చేతికి తెడ్డు కాయలేంటి నాయనా? నేను నిన్నేం అడగను. ఒక్కటి మాత్రం చెప్తా. పేరు దాచి చంపితే అది ద్వంద్వం కాదు, రెల్లు దుబ్బులోంచి వేసిన బాణమే. చివరి దెబ్బ పడేదాకా నిజం చెప్పుకోడానికి గడువుంది. పడ్డాక లేదు."

తలగుడ్డలు మార్చుకున్నాక కత్తులిచ్చి, ఎడమ మణికట్లకు ఇద్దరినీ ఏడు మూరల ఇనుపగొలుసుతో కలిపి తాళం వేశారు. తాళంచెవి చెన్నవ్వ నడుముకున్న సంచిలోకి వెళ్ళింది. పిట్టకు రెండు గింజలు వేస్తానని శరభుడు ఆవిణ్ణి అడిగి, ఎవరికీ మాట వినబడనంత దగ్గరగా పంజరం మీదికి వంగాడు.

"ఆలోచిస్తున్నావా?" అంది పిట్ట. "ఎండ చూడు. మూడు బారలైనా లేదు. మొదటి దెబ్బతోనే పని ముగించు."

"వీడికి నాతో పగలేదు, యువరాజా. వీడు నన్ను ఇంకొకడనుకుంటున్నాడు."

"అయితే ఏమిటి? వీడొక్కడు. అవతల అరవై వేలమంది. మీవాళ్ళు ఇంకో నలభై వేలు. త్రాసులో వేసి చూడు."

"వేశాను. మొగలిరేవు యుద్ధంలో మంచులోకి డెబ్బై బాణాలు వేశాను. ఎవడికి తగిలాయో తెలీదు. ఇంటికెళ్ళి అన్నం తిన్నాను, పడుకున్నాను. వీడి తల్లి పేరు తిమ్మాంబ. ఆవిడ ఇల్లు కుమ్మరివాడ చివర."

"పేరు తెలిస్తే కత్తి మొద్దుబారుతుందా?"

"అట్టాగే ఉంది."

పిట్ట రెక్కలు టపటప కొట్టుకుని, "నేనూ ఒక తల్లి కొడుకునే, శరభా" అంది. శరభుడు పంజరాన్ని చెన్నవ్వ పక్కన పెట్టి ఇసుకలోకి నడిచాడు.

కంచుగంట మోగింది.

కంఠీరవుడు పులిలా దూకాడు. మొదటి వేటు శరభుడి చెవి పక్కనుంచి పోయి భుజం మీద చర్మాన్ని గీరింది. రెండో వేటును కత్తితో కాచుకుంటే మోచెయ్యి దాకా అదిరింది. వెనక్కి తప్పుకోబోతే గొలుసు లాగింది. ఆ గొలుసు కట్టేది అందుకే. పారిపోయే చోటు లేదు, ఊపిరి తీసుకునే దూరం లేదు. ఇద్దరూ ఎద్దులు గానుగ తిరిగినట్టు తిరిగారు. ఇసుక లేచి కళ్ళలో పడింది. కంఠీరవుడు ప్రతి వేటుకూ ముందు అన్న పేరు గొణుగుతున్నాడు. కోపంతో కాదు, ఎవరో అప్పగించిన పని తప్పకుండా చేస్తున్నట్టు.

శరభుడికి కత్తియుద్ధం కొంతే తెలుసు. తాళ్ళ సంగతి మాత్రం పుట్టిననాటినుంచీ తెలుసు. వరదలో పడవను గట్టుకు కట్టేవాడికి ఏ తాడు ఎప్పుడు వదులు చేయాలో, ఎప్పుడు బిగించాలో చెయ్యే చెబుతుంది. అతను ఎదటివాడి బలానికి గొలుసు వదులుతూ వదులుతూ నాలుగడుగులు వెనక్కి వెళ్ళాడు. కంఠీరవుడు ఏడో వేటుకు కత్తి ఎత్తిన క్షణంలో పక్కకు ఒరిగి, గొలుసును అతని చీలమండ చుట్టూ వేసి లాగాడు. కంఠీరవుడు వెల్లకిలా పడ్డాడు. కత్తి దూరంగా దొర్లింది. శరభుడి మోకాలు అతని రొమ్ము మీద, కత్తిమొన గొంతు మీద నిలిచాయి.

మెట్ల మీది జనం ముందుకు వంగారు.

చెన్నవ్వ గుప్పెడు ఇసుక తీసుకుని చెయ్యి చాచింది. ఇసుక వేళ్ళ సందులోంచి జారసాగింది. అది అయిపోయేలోగా దెబ్బ పడాలి. పగ తీర్చుకునే ద్వంద్వంలో చంపలేనివాడు తానే చంపించుకోవాలి, అది ఆ నేల నియమం.

కంఠీరవుడు కళ్ళు మూసుకోలేదు. "కానివ్వు" అన్నాడు. "ఆలస్యం దేనికి? అమ్మ ఇంట్లోనే ఉంటది. ఈ పొద్దప్పుడు పెరట్లో ఉంటది. రెండుసార్లు పిలువు, చెవుడు. కూర్చోబెట్టి చెప్పు. నిలబెట్టి చెప్పమాక."

అతని గొంతు మీద నరం కొట్టుకోవడం కత్తి పిడిదాకా తెలుస్తోంది. శరభుడు సూర్యుణ్ణి చూశాడు. పంజరాన్ని చూశాడు. పిట్ట ఊచల మధ్యనుంచి తల బయటికి పెట్టి చూస్తోంది. చెన్నవ్వ గుప్పిట్లో ఇంకా నాలుగు పలుకుల ఇసుకుంది.

శరభుడు కత్తి తీసి దూరంగా విసిరాడు.

"నా పేరు పింగళుడు కాదు. శరభుడు. శంఖావతివాణ్ణి, పడవవాణ్ణి. మీ అన్నను నేను చంపలేదు. ఆ బిళ్ళ సత్రంలో మార్చుకున్నాను. నీలాంబ మా అమ్మే, అదొక్కటీ అబద్ధం కాదు."

కందిరీగల తుట్టె కదిలినట్టు మెట్లన్నీ లేచాయి. శంఖావతి గూఢచారి అని ఉద్దండుడు కేక పెట్టి విలుకాళ్ళను పిలిచాడు. ఇరవై బాణాలు వింటికెక్కాయి. కిందపడి ఉన్న కంఠీరవుడు లేచి కూర్చుని, తన గొంతు తడుముకుని, ఎదుట మోకాళ్ళ మీద ఉన్న మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"బాణాలు దించండి" అంది చెన్నవ్వ.

ఉద్దండుడు ముందుకొచ్చి, ఇది యుద్ధకాలమనీ, గూఢచారికి సాక్షీ, నియమమూ ఉండవనీ, గొలుసు విప్పి పక్కకు తప్పుకోమనీ చెప్పాడు. కాస్త మర్యాదగానే చెప్పాడు.

"విప్పుతానయ్యా. ఎందుకు విప్పను?" అంది ముసలావిడ. "దెబ్బ పడకముందే నిజం చెప్పాడు కాబట్టి ద్వంద్వం లేదు, నేరం లేదు. గొలుసు విప్పాక వాణ్ణి నువ్వేం చేసుకుంటావో నీ ఇష్టం. గొలుసున్నంతసేపు ఇద్దరూ నా వాళ్ళు. నా ఇసుకలో వాళ్ళ మీద బాణం వేస్తే ఆ తలగుడ్డ నువ్వే మోయాల. కాస్త ఆగు, మోకాళ్ళు పట్టేసినయి. లేస్తా."

ఆవిడ లేవలేదు. సంచిలో తాళంచెవి కోసం వెతకడం మొదలుపెట్టింది. పోకచెక్కలు తీసింది, సున్నపుకాయ తీసింది, దువ్వెన తీసి చూసి మళ్ళీ లోపల పెట్టింది. ఉద్దండుడు పళ్ళు నూరుతూ నిలబడ్డాడు. ఇద్దరు మనుషులు గొలుసు ఈడ్చుకుంటూ ఆవిడ ముందుకు వచ్చి నిలిచారు. పంజరం వాళ్ళ మోకాళ్ళ దగ్గర ఉంది.

అప్పుడు పిట్ట నోరు తెరిచింది.

"కంఠీరవా, ఇప్పటికీ వేటు వేసేముందు ఎడమకాలు చాపుతావు. సాముశాలలో గురువుగారు ఎన్నిసార్లు కర్రతో కొట్టినా మారలేదు. అందుకే పడ్డావు."

మహారాణి కోసం దాచిన రెండో చెవి అది. ఇక ఈ ఇద్దరితో తప్ప పిట్ట ఎవరితోనూ మాట్లాడజాలదు. తల్లి ముందు కూడా ఒట్టి కిచకిచే. యువరాజు తెలిసే మాట్లాడాడు. ఇంతకుముందు ఈ మనిషిని త్రాసులో వేసినవాడు, అతని మీదే తన ఆఖరి మాట ఖర్చు పెట్టాడు.

కంఠీరవుడి ముఖంలో రక్తం ఇంకిపోయింది. పెదవులు కదపకుండా "యువరాజా" అన్నాడు.

పిట్ట గబగబా నాలుగు మాటల్లో జరిగింది చెప్పింది. పొద్దుగుంకేలోగా అమ్మ దగ్గరికి, నా బదులు నువ్వే ఆవిడకు చెప్పాలి అంది. కంఠీరవుడు తల తిప్పి శరభుణ్ణి చూశాడు. వినే మనిషి వాలకం కనిపించింది తప్ప చెన్నవ్వకు ఏ మాటా వినిపించలేదు. అయినా ఆవిడ ఏం గ్రహించిందో ఏమో, పంజరం తీసి కంఠీరవుడి చేతికిచ్చింది.

"నా వెనక మెట్లున్నాయి, ఏటికి దిగుతాయి. ఇసుక దాటారంటే మీరు నా వాళ్ళు కారు" అని గొంతు తగ్గించి చెప్పి, "తాళంచెవి ఇంకా దొరకలే" అని, ఉద్దండుడు వినేలా గట్టిగా గొణుక్కుంది.

ఇద్దరూ ఒకేసారి దూకారు.

వెయ్యి మెట్ల ఆ దారి కొండ పక్కనుంచి పాము జారినట్టు నది వైపు దిగుతుంది. ఒకవైపు బండ, ఒకవైపు అగాధం. మలుపు మలుపుకూ రాతిలో తొలిచిన నెమళ్ళు. వాటి తోకల మీదినుంచి సెలయేటి నీళ్ళు సన్నగా జారుతూ సాయంకాలపు ఎండలో పగడాల పేరుల్లా మెరుస్తాయి. అదంతా చూసే తీరిక వాళ్ళకు లేదు. మొదటి బాణం నెమలి మెడను పగలగొట్టింది. రెండోది శరభుడి తలగుడ్డలోంచి, అంటే కంఠీరవుడి తలగుడ్డలోంచి, దూసుకుపోయింది. ఒకడు జారితే ఇంకొకడు గొలుసుతో నిలబెట్టాడు. ఇంకొకడు తూలితే మొదటివాడు బండను కరుచుకున్నాడు. ఇందాకటిదాకా చంపుకోవడానికి కట్టిన గొలుసు అది.

వెనక కొండ మీద శంఖం మూడుసార్లు మోగింది.

"దానర్థం ఏంటి?" అని శరభుడు పరుగు ఆపకుండా అడిగాడు.

"వంతెన దగ్గరికొచ్చినవాణ్ణి పేరడగకుండా కొట్టమని. అవతలి గట్టున శంఖం విని ఎర్రజెండా ఎత్తుతారు. జెండా చూసిన కావలివాడు మన మాట వినడు. వినకూడదు, నియమం."

"నీ మాట కూడానా? నువ్వు వాళ్ళవాడివే కదా."

"ఇందాకటిదాకా" అన్నాడు కంఠీరవుడు.

వెంటపడినవాళ్ళను తప్పించుకోవడానికి సగం దారిలో మెట్లు వదిలి, సెలయేరు కోసిన ఇరుకు గండిలోకి జారారు. నడుముదాకా చల్లటి నీళ్ళు. పంజరాన్ని ఒకడి తర్వాత ఒకడు తలమీద మోశారు. గొలుసు రాళ్ళకు తగిలి మోగుతుంటే కంఠీరవుడు ఉత్తరీయం చించి దాని చుట్టూ చుట్టాడు. గండి వాళ్ళను నది ఒడ్డున రెల్లు పొదల్లో వదిలింది. వెనక ఎవరూ లేరు. ఎదురుగా బెత్తాలు అల్లిన వంతెన. దాని అవతల వేల గుడారాలు, తెల్ల తామరల కొలనులా. నడిమధ్యన పసుపుపచ్చ గుడారం మహారాణిది. సూర్యుడి అంచు కొండకు ఆనింది.

వంతెన ముందు ఒక్కడే కావలివాడు. వీపు వీళ్ళ వైపే ఉంది. కొండ మీద శంఖం మళ్ళీ మోగినా నది హోరులో అతనికి వినిపించినట్టు లేదు. అవతలి గట్టున మనుషులు జెండాకొయ్య దగ్గరికి పరుగెడుతుంటే, ఎందుకో తెలియక, ఎడమచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని అటే చూస్తున్నాడు. బల్లెం చంకలో ఉంది. కుడిచేతిలో సగం నమిలిన చెరకు ముక్క. నడివయసువాడు, బట్టతల. చొక్కా వెనక చిరిగినచోట ఎవరో ముతక దారంతో వంకరటింకరగా కుట్టారు.

జెండా ఇంకా లేవలేదు. లేచిందంటే అతను కొమ్ము ఊదుతాడు, అవతలినుంచి వందమంది వస్తారు. మధ్యలో పన్నెండు అడుగులు, మెత్తని ఇసుక. వెనకనుంచి ఒక్క పోటు చాలు, అరుపు కూడా రాదు.

కత్తి కంఠీరవుడి మొలలో ఉంది. పరుగెత్తేముందు ఇసుకలోంచి అందుకున్నది అదొక్కటే. శరభుడు దాన్ని చూశాడు. కంఠీరవుడు కదలలేదు. శరభుడే చెయ్యి చాపి, మెల్లగా, చప్పుడు కాకుండా దాన్ని దూశాడు. తన చెయ్యి అంత నిబ్బరంగా ఉండటం చూసి అతనికే భయం వేసింది. ఇందాక కత్తి విసిరేసిన చెయ్యి ఇదే. ఈ మనిషి పేరు తెలియదు. ముఖం కూడా కనబడటం లేదు. సూర్యుడు సగం దిగాడు. పంజరంలో పిట్ట రెక్కలో తల దాచుకుంది.

ఒక అడుగు. రెండు. నాలుగు. గొలుసు తెగుతుందేమో అన్నంతగా బిగిసింది. కంఠీరవుడు ఉన్నచోటే ఉన్నాడు. శరభుడు వెనక్కి తిరిగి, కళ్ళతోనే, రమ్మని బతిమాలాడు. కంఠీరవుడు కావలివాడి వీపునే చూస్తూ పెదవులతో అన్న పేరు అనుకున్నాడు. పొదల మధ్య నీళ్ళ మీద గాలి వీచింది. చివరికి అతను రెండడుగులు ముందుకు వేశాడు. గొలుసు వదులైంది. శరభుడు కత్తి ఎత్తాడు.

అప్పుడు కంఠీరవుడు దగ్గాడు.

పొరపాటున వచ్చిన దగ్గు కాదు. గుండెనిండా ఊపిరి తీసుకుని, నది హోరును మించేలా, పక్క గదిలో పడుకున్న పెద్దవాళ్ళకు తాను వస్తున్నానని తెలియజేసేవాడిలా గట్టిగా దగ్గాడు.

చెరకు ముక్క ఇసుకలో పడింది. అవతలి గట్టున ఎర్రజెండా లేస్తుండగా కావలివాడు తిరిగి చూశాడు. అతని బల్లెం మొన ముందు పంజరం వైపు, తరువాత శరభుడి రొమ్ము వైపు తిరిగింది.